విదేశములలో వాణిజ్య చర్చలు – మన పాలు, నూనె, పండ్ల ధరలు

ప్రధానమంత్రి ఏదైనా విదేశపు రాజధానిలో జరుగు ప్రాంతీయ ఆర్థిక సహకార సమావేశమునకు వెళ్ళినప్పుడు, ఆయా దేశముల నాయకులు వరుసగా చేతులు కలిపి నిలుచున్న ఛాయాచిత్రము పత్రికలలో పడును. రైతు దానిని ఒకసారి చూచి, పుట తిప్పి, వానల సంగతి, మార్కెటు ధరలు చదువుకొనును. ఆ రెండు పుటలకు మధ్య గల సంబంధమును వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఆ సంబంధము కంటికి కనిపించు చోటు ఒకటి హైదరాబాదు తూర్పు భాగమున ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు గల రహదారి నాలుగైదు కిలోమీటర్లకు మించదు. ఏదైనా కిరాణా కొట్టు ముందు నిలిచి చూడుడు. పామోలిన్ పొట్లములు వరుసగా పేర్చి ఉండును. ఆ నూనెలో అధిక భాగము ఇండోనేషియా, మలేషియా తోటలలోని గెలల నుండి తీసినది. కొత్తపేట ప్రాంతమున బండ్లపై మన బత్తాయి, జామ పండ్ల ప్రక్కనే అమెరికా ఆపిలు, న్యూజీలాండు కివి పండ్లు కనిపించును. పాల బూతుకు వెళ్ళినచో మాత్రము పాలు, పెరుగు, నెయ్యి దాదాపు అన్నియు మన దేశపు పశువులవే. నూనె ఏల వచ్చినది? పండ్లు ఏల వచ్చినవి? పాలు ఏల రాలేదు? ఈ ప్రశ్నలకు జవాబులో పెద్ద భాగము జెనీవా, ఢాకా, బ్యాంకాక్ నగరములలో వ్రాసిన కాగితములలో ఉన్నది.

శాస్త్రిగారి పేరు గల ఊరు

ఎల్.బి. నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. నల్లగొండ, సాగర్ వైపుల నుండి వచ్చి ఆ కూడలిలో బస్సు దిగు రైతులలో చాలమందికి ఆ పొడి అక్షరముల వెనుక శాస్త్రిగారు ఉన్నట్లు తోచదు. మన విషయమునకు వారు రెండు విధముల సంబంధించినవారు. 1964 అక్టోబరులో ప్రధానమంత్రిగా గుజరాతులోని ఆనంద్ ప్రాంతమునకు వెళ్ళి, ఒక పల్లెలో రైతు ఇంట రాత్రి బస చేసి, పాల సహకార సంఘము నడచు తీరును స్వయముగా విచారించిరి. 1965లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఏర్పడుటకు అదియే నాంది. రెండవది తాష్కెంటు ప్రయాణము. 1966 జనవరి 10న పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖానుతో వారు చేసిన ఒడంబడిక యుద్ధమునకు ముగింపుగా చేసినదే అయినను, ఉభయ దేశముల ఆర్థిక, వాణిజ్య సంబంధములను తిరిగి నెలకొల్పు ఆలోచన కూడ అందులో చేరి ఉన్నది. ఆ రాత్రి గడవకముందే వారు అక్కడనే కన్నుమూసిరి.

ఇరుగు పొరుగు దేశములతో సంధి మాటలు జరిగినప్పుడు వ్యాపారపు మాట కూడ వెంట వచ్చుట నాటి నుండి ఉన్నదే. అయితే ఈ మాటలలో రైతుకు సంబంధించిన అసలు భాగము ఉపన్యాసములలో ఉండదు. ఒప్పందము చివర చేర్చు జాబితాలలో ఉండును. ఆ జాబితాను చదువుటకు రెండు మూడు సంగతులు తెలిసి ఉండవలెను.

సుంకము, దాని హద్దు

విదేశపు సరుకు మన రేవుకు చేరినప్పుడు ప్రభుత్వము వేయు పన్నును దిగుమతి సుంకమందురు. వంద రూపాయల సరుకుపై 60 శాతము సుంకమున్నచో అది 160 రూపాయలై మన మార్కెటులో అడుగు పెట్టును. అదే సరుకును 150 రూపాయలకు ఇవ్వగల మన రైతు దాని ఎదుట నిలువగలడు. సుంకము 30 శాతమునకు దిగినచో విదేశపు సరుకు 130కే వచ్చును. అప్పుడు మనవాడు 20 రూపాయలు తగ్గించుకొనవలెను, లేదా ఆ పంట మానుకొనవలెను. సుంకము పెంచుట వలన కొనువారికి భారమను మాట కూడ నిజమే. నూనె పొట్లము కొను కూలివాడును మన ఊరివాడే కదా.

సుంకము వేరు, సుంకమునకు హద్దు వేరు. “ఇంతకు మించి వేయము” అని ఇతర దేశములకు ఇచ్చిన మాట హద్దు. ఆ హద్దులోపల ప్రభుత్వము ఎంత వేసినను, వేయకున్నను తన ఇష్టము. మాట ఇచ్చునాడు దాని బరువు తెలియదు. ఇందుకు ఒక పాత ఉదాహరణ కలదు. 1947 నాటి జెనీవా ఒడంబడికలో బియ్యము, మొక్కజొన్న, జొన్న, పాలపొడి వంటి సరుకులపై మన దేశము హద్దును సున్నగా ఒప్పుకొన్నది. అప్పుడు దేశమున తిండి కొరత. పైగా దిగుమతికి లైసెన్సు కావలెను గనుక సుంకము సున్న అయినను సరుకు స్వేచ్ఛగా లోనికి రాదు. తలుపునకు గొళ్ళెమున్నప్పుడు గోడ ఎత్తు ఎవరు చూతురు? కాని 2000, 2001 సంవత్సరములలో ఆ పరిమాణ నిర్బంధములు, అనగా గొళ్ళెములు, తీసివేయవలసి వచ్చినది. అప్పుడు చూచుకొనగా పాలపొడికి గోడయే లేదు. ఆ తేదీలు ముంచుకొని వచ్చుచుండగా 1999–2000లో ప్రభుత్వము తిరిగి బేరమాడి, పాలపొడికి 60 శాతము, జొన్నకు 80 శాతము వరకు సుంకము వేయు హక్కు సంపాదించినది. ఊరకే రాలేదు. బదులుగా ఏటా 10,000 టన్నుల పాలపొడిని 15 శాతము సుంకముపై రానిచ్చుటకు ఒప్పుకొనవలసి వచ్చినది. అర్ధ శతాబ్దము క్రిందటి ఒక గీతను దిద్దుటకు పట్టిన మూల్యమది.

ఢాకాలో పి.వి. గారు

1991 జూన్‌లో పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి పదవి చేపట్టునప్పటికి దేశపు ఖజానాలో విదేశీ ద్రవ్యము రెండు మూడు వారముల దిగుమతులకు మాత్రమే చాలునట్లుండెను. వంగరలో పెరిగి, మంథని నుండి శాసనసభకు వెళ్ళి, 1971–73 నడుమ ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పూనుకొన్న వారికి పల్లె సంగతులు వేరుగా చెప్పవలసిన పని లేదు. తక్కిన ప్రపంచముతో వ్యాపారము పెంచనిదే గత్యంతరము లేని కాలమున వారు పొరుగు దేశముల సమావేశములకు వెళ్ళిరి.

దక్షిణాసియా దేశముల సహకార సంఘమైన సార్క్ 1985లో ఢాకాలో ఏర్పడినది. 1991 డిసెంబరులో కొలంబోలో జరిగిన సమావేశమున, సభ్య దేశములు పరస్పరము సుంకపు రాయితీ ఇచ్చుకొను ఏర్పాటునకు అంకురార్పణ జరిగినది. తరువాతి సమావేశము ఒకటికి రెండుసార్లు వాయిదా పడి, 1993 ఏప్రిల్ 10, 11 తేదీలలో ఢాకాలో జరిగినది. పి.వి. గారు పాల్గొనిన ఆ సమావేశముననే ఏప్రిల్ 11న ‘సాప్టా’ అను రాయితీ ఒప్పందముపై ఏడు దేశములు సంతకము చేసినవి. 1995 డిసెంబరు 7 నుండి అది అమలులోకి వచ్చినది.

రాయితీ అను మాటను ఇచట జాగ్రత్తగా అర్థము చేసికొనవలెను. సాప్టా క్రింద 10 శాతము రాయితీ ఇచ్చినామన్నచో 50 శాతము సుంకము 40కి దిగినదని కాదు. యాభైలో పదవ వంతు, అనగా 5 తగ్గి, 45 అయినదని. ఇట్టి రాయితీ ఒక్కొక్క సరుకునకు విడివిడిగా బేరమాడి వ్రాసికొనిరి. మెల్లని పద్ధతి. ఎవరికిని పెద్ద దెబ్బ తగలలేదు, పెద్ద లాభమును కలుగలేదు. పత్తి రైతో పసుపు రైతో దాని పేరు కూడ వినియుండరు. దాని తరువాతి మెట్టు ‘సాఫ్టా’. 2004 జనవరి 6న ఇస్లామాబాదులో, వాజపేయిగారు ప్రధానిగా హాజరైన సమావేశమున సంతకమై, 2006 జనవరి 1 నుండి నడచుచున్నది. ఇందులో వెనుకబడిన దేశములకు హెచ్చు రాయితీలు ఇచ్చిరి. ఇచ్చుట న్యాయమే. కాని ఆ సందున ఒక చిత్రము జరిగినది.

2019 నాటికి నేపాల్, బంగ్లాదేశ్‌ల నుండి శుద్ధి చేసిన పామాయిల్, సోయా నూనె సుంకము లేకయే మన దేశమునకు వచ్చుట హెచ్చినది. నేపాల్‌లో పామాయిల్ తోటలు లేవు. మలేషియా, ఇండోనేషియాల ముడి నూనె అక్కడికి వెళ్ళి, శుద్ధియై, నేపాల్ సరుకుగా మన సరిహద్దు దాటినది. సరుకు ఏ దేశమున పుట్టినదో నిర్ణయించు ‘మూలదేశ నిబంధన’ అని ఒప్పందములో ఒక అధ్యాయముండును. చదువువారు తక్కువ. ఇంత శాతము విలువ అచ్చటనే చేరవలెనని అందులో చెప్పుదురు. దానిని సరిగా వ్రాయనిచో, వ్రాసినను సరిగా తనిఖీ చేయనిచో, ముందు వాకిట వేసిన సుంకమును దొడ్డిదారి తినివేయును. చివరకు 2020 జనవరి 8న శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిపైననే ప్రభుత్వము ఆంక్ష విధించవలసి వచ్చినది.

తూర్పు దేశములు, నూనె లెక్క

పి.వి. గారి చూపు సార్క్‌తో ఆగలేదు. ఆగ్నేయాసియా దేశముల కూటమి ఆసియాన్‌తో 1992లో కొన్ని రంగములలో చర్చల సంబంధము ఏర్పడినది. 1994 సెప్టెంబరులో సింగపూరులో వారు చేసిన ఉపన్యాసము తూర్పు దిక్కునకు మన దేశము తిరిగినదనుటకు గుర్తుగా నేటికిని చెప్పుకొందురు. 1995 డిసెంబరులో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియాన్ సమావేశమున మనకు పూర్తి చర్చా భాగస్వామి స్థానము ఇచ్చుటకు నిర్ణయించిరి. అక్కడి నుండి మెట్టుమెట్టుగా నడచి 2003లో బాలీలో మూల ఒప్పందము, 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో సరుకుల ఒప్పందము కుదిరినవి. సరుకుల ఒప్పందము 2010 జనవరి 1న అమలునకు వచ్చినది.

ఆ ఒప్పందమున సరుకులను తెగలుగా విభజించిరి. కొన్నిటిపై సుంకము పూర్తిగా తీసివేయుదురు. కొన్నిటిపై కొంత తగ్గింతురు. 489 సరుకులను అసలే ముట్టరు. వీనికి తోడు ‘ప్రత్యేక సరుకులు’ అని ఐదింటిని వేరుగా పెట్టిరి. ముడి పామాయిల్, శుద్ధి చేసిన పామాయిల్, కాఫీ, టీ, మిరియాలు. ముడి పామాయిల్‌పై సుంకము 80 నుండి ఏడాదికి కొంత చొప్పున తగ్గి 2019 చివరకు 37.5 శాతమునకు, శుద్ధి చేసినది 90 నుండి 45 శాతమునకు దిగవలెనని నిర్ణయము. ప్రపంచ వాణిజ్య సంస్థలో పామాయిల్‌పై మన హద్దు 300 శాతము. ఆ గోడ ఎత్తు ఇచట 37.5కు దిగినది.

అయితే అంతయు ఒప్పందము తప్పే అనుట సరి కాదు. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ ఆరంభమైన తరువాత మన వేరుశనగ, ఆవ, పొద్దుతిరుగుడు రైతులు కష్టించి 1990ల తొలినాళ్ళకు దేశమును నూనెలో దాదాపు స్వయంపోషకము చేసిరి. 1994–95లో నూనెల దిగుమతి తెరచిరి. 65 శాతమున్న సుంకము 1998 నాటికి 15కు దిగినది. ఇది ఏ విదేశీయుడు బలవంతము చేయగా జరిగినది కాదు. నేడు మన వంటనూనెలో సగమునకు మించి బయటిదే. ఆసియాన్ ఒప్పందము 37.5 శాతము వరకు వేయనిచ్చుచుండగా, నూనె ధరలు పెరిగిన 2022 నుండి 2024 సెప్టెంబరు వరకు మనమే ముడి పామాయిల్‌పై సెస్సులతో కలిపి 5.5 శాతము మాత్రము వేసితిమి.

2024 సెప్టెంబరు 14న ఆ సుంకమును సెస్సులతో కలిపి 27.5 శాతమునకు పెంచిరి. అశ్వారావుపేట వైపు ఆయిల్ పామ్ రైతులకు ఆ నెలలో టన్ను గెలలకు 14 వేల పైచిలుకు రూపాయలున్న ధర తరువాతి నెలలో 17 వేలు దాటినది, ఏడాది చివరకు 20 వేలు దాటినది. ఆ పెరుగుదల అంతయు సుంకము వలననే కాదు, అంతర్జాతీయ ధర కూడ పెరిగినది. 2025 మే 30న ముడి నూనెపై సుంకమును మరల 16.5 శాతమునకు తగ్గించిరి.

ఈ తేడా రైతు చేతికి ఎట్లు వచ్చునో ఒక ఊహా లెక్క వేసికొందము. ముడి పామాయిల్ టన్ను రేవు ధర 90,000 రూపాయలనుకొనుడు. 27.5 శాతము చొప్పున సుంకము 24,750 రూపాయలు. 16.5 శాతము చొప్పున 14,850. తేడా 9,900 రూపాయలు. టన్ను గెలల నుండి వందకు 19 పాళ్ళు నూనె దిగుననుకొన్నచో, టన్ను గెలలపై తేడా 1,881 రూపాయలు. మిల్లు ఖర్చుల వాటా పోగా మిగిలినది రైతుది. ఎకరమునకు 8 టన్నులు కోయు తోటలో ఆ తేడా ఏడాదికి 15 వేల రూపాయల దరిదాపున ఉండును. ఆయిల్ పామ్ నాటి నాలుగేండ్లు కాచుకొని, ఆపై ఇరువదియైదేండ్లు దానినే నమ్ముకొను రైతునకు, ఢిల్లీలో ఒక సాయంకాలము వెలువడు ప్రకటన ఇంతటిది. దీర్ఘకాలపు తోటలు వేయుమని చెప్పు మా శాఖవారము ఈ సంగతిని దాచక చెప్పవలెనని నా అభిప్రాయము.

బ్యాంకాక్‌లో 2019 నవంబరు 4

ఇక పాల సంగతి. 2012 నవంబరులో ఆసియాన్ పది దేశములు, చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, మన దేశము కలిసి మొత్తము 16 దేశముల విశాల ఒప్పందమునకు చర్చలు మొదలుపెట్టినవి. దానిని ఆర్.సి.ఇ.పి. అని పిలుతురు. ఏడేండ్లు చర్చలు సాగినవి. వ్యవసాయము వైపు అందరి కండ్లు న్యూజీలాండుపై పడినవి. ఆ దేశపు జనాభా సుమారు 50 లక్షలు. తాము తీయు పాలలో నూటికి 95 పాళ్ళు పొడిగా, వెన్నగా, చీజుగా మార్చి బయటి దేశములకు అమ్ముకొనును. మన దేశము 1998 నుండి పాల ఉత్పత్తిలో ప్రపంచమున మొదటి స్థానమున ఉన్నది. 2022–23లో సుమారు 23 కోట్ల టన్నులు ఉత్పత్తియైనది. అయినను మనవి పెద్ద మందలు కావు. ఒకటి రెండు బర్రెలు గల ఇండ్లు. ఎక్కువ భాగము ఆడవారి చేతి పని.

హయత్‌నగర్‌లో నల్లగొండ–రంగారెడ్డి పాల ఉత్పత్తిదారుల యూనియన్ వారి డెయిరీ ఉన్నది. ఎల్.బి. నగర్ నుండి విజయవాడ రహదారిపై కొంత దూరము పోయినచో కనిపించును. అట్టి డెయిరీకి పాలపొడితో గల అక్కర పాలు పోయు వారందరికి తెలియకపోవచ్చును. చలికాలమున పాలు పొంగి వచ్చును. నగరము త్రాగగా మిగిలిన పాలను పొడిగా, వెన్నగా మార్చి నిలువ చేయుదురు. ఎండాకాలమున పాలు తగ్గినప్పుడు ఆ పొడిని కలిపి నగర అవసరము తీర్తురు. కాబట్టి పాలపొడి ధరయే పొంగు కాలమున మీ పాల ధరకు నేల వంటిది.

మరొక ఊహా లెక్క. విదేశపు పాలపొడి రేవు ధర కిలో 180 రూపాయలు, మన పొడి కిలో 250 రూపాయలు అనుకొందము. 60 శాతము సుంకము పడినచో విదేశపు పొడి 288 రూపాయలగును. ఎవరును కొనరు. సుంకము లేనిచో 180కే దొరుకును. మన డెయిరీ తన పొడిని ఆ ధరకే అమ్ముకొనవలెను. కిలోకు 70 రూపాయలు నష్టము. కిలో పొడికి సుమారు 11 లీటర్ల పాలు కావలెను గనుక లీటరుకు ఆరు రూపాయలకు పైగా తగ్గును. రోజుకు ఐదు లీటర్లు పోయు ఇంట నెలకు 900 రూపాయలకు తక్కువ కాని కోత. పశువుల దాణా ఖర్చు మాత్రము తగ్గదు. ఇంతకును న్యూజీలాండు పాలు మన వాడలోనికి రానక్కరలేదు. వారి పొడి రేవులో చౌకగా దొరికినచో చాలును.

ఈ లెక్కనే, ఇంతకంటె వివరముగా, పాల సహకార సమాఖ్యలు చర్చలు నడచుచుండగనే ప్రభుత్వము ముందు పెట్టినవి. ఏ నెలలో ఎంత పొడి నిలువ, లీటరుకు రైతుకు ముట్టు వాటా ఎంత, అను అంకెలు వారి పుస్తకములలో సిద్ధముగా ఉన్నవి. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో జరిగిన ఆర్.సి.ఇ.పి. శిఖర సమావేశమున ప్రధాని నరేంద్ర మోదీగారు, రైతులు, వర్తకులు, కార్మికుల మొదలగు వారి ప్రయోజనముతో తూచి చూచినచో తమకు సానుకూలమైన సమాధానము దొరకుట లేదని చెప్పి, ఒప్పందములో చేరుట లేదని ప్రకటించిరి. పాలు ఒక్కటే కారణము కాదు. చైనా పారిశ్రామిక వస్తువుల భయము, మూలదేశ నిబంధనల పేచీ కూడ ఉన్నవి. మిగిలిన 15 దేశములు 2020 నవంబరు 15న సంతకము చేసినవి. 2022 జనవరి 1 నుండి ఆ ఒప్పందము వారి మధ్య అమలగుచున్నది. 2022 ఏప్రిల్ 2న ఆస్ట్రేలియాతో మన దేశము వేరుగా చేసికొనిన ఒప్పందములో పాల పదార్థములను రాయితీల నుండి మినహాయించిరి.

పాలకు జరిగిన న్యాయము నూనెగింజలకు ఏల జరుగలేదని ఎవరైన అడుగవచ్చును. నాకు తోచిన కారణమొకటి. పాల రైతునకు ఊరి సంఘము నుండి జాతీయ సంస్థ వరకు ఒక నిచ్చెన ఉన్నది. అంకెలు దాని మీదుగా పైకెక్కినవి. వేరుశనగ రైతునకు అంత గట్టి నిచ్చెన లేదు. మద్రాసు రాష్ట్ర కాలము నుండి పత్తి, వేరుశనగలను వర్తకుడే లెక్క పెట్టినాడు.

చేరకుండుట వలన అంతయు లాభమే అనియు చెప్పజాలము. దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరమున మలక్‌పేటలో మహబూబ్ మాన్షన్ మార్కెటు కలదు. మిరపకు, ఉల్లికి పేరు పొందినది. మన తేజ రకపు మిరపను చైనా, థాయిలాండు, ఇండోనేషియా, మలేషియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌లు కొనుచున్నవి. 2022–23లో దేశపు మిరప ఎగుమతి విలువ 10 వేల కోట్ల రూపాయలు దాటినది. కూటమి లోపలి దేశములు ఒకదానికొకటి సుంకములు తగ్గించుకొన్నప్పుడు వెలుపల ఉన్న మన సరుకు కొంత వెనుకబడు ప్రమాదము ఉన్నది. పాల రైతు మేలును, మిరప రైతు మేలును ఒకే కాగితముపై తూచవలసి వచ్చుటయే ఇట్టి చర్చలలోని కష్టము.

సుంకము లేకున్నను మూయు తలుపు

అమ్మకము వైపు మరొక చిక్కు ఉన్నది. అది సుంకము కంటె రైతు చేతిలో ఎక్కువగా ఉన్నది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు అమలునకు వచ్చిన ఆరోగ్య, సస్యరక్షణ ఒప్పందము ప్రకారము, శాస్త్రీయ ఆధారమున్నచో ఏ దేశమైనను తెగులు, పురుగు, మందు అవశేషముల కారణమున సరుకును ఆపవచ్చును. 2014 మే 1 నుండి యూరపు దేశములు మన మామిడిని, నాలుగు రకముల కూరగాయలను నిలిపివేసినవి. కారణము, పార్సెళ్ళలో పండుఈగ మొదలగు పురుగులు కనబడుటయే. మామిడిపై ఆ నిషేధమును 2015లో ఎత్తివేసిరి. ఆ మే నెలలోనే సౌదీ అరేబియా మన పచ్చిమిరపను మందు అవశేషముల కారణమున ఆపినది. ఏ ఒప్పందపు జాబితాలోను ఈ సంగతి ఉండదు.

కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెటు ముప్పై ఏండ్లకు పైగా నల్లగొండ బత్తాయికి, పాలమూరు, ఖమ్మం బంగినపల్లి మామిడికి కేంద్రముగా నిలిచినది. 2021లో దానిని విజయవాడ రహదారిపై బాటసింగారమునకు తరలించిరి. పాత స్థలమును పెద్ద ఆసుపత్రికి కేటాయించిరి. శాశ్వత మార్కెటుకు కోహెడలో స్థలము చూచిరి. మార్కెటుకు వచ్చు రైతులు మమ్ము అడుగు ప్రశ్న తరచుగా ఒకటే. “సారూ, మా మామిడి ఫారిన్‌కు పోదా?” పోవును. అందుకు తోటలోనే పని మొదలగును. పిందె దశ నుండి పండుఈగకు మిథైల్ యూజినాల్ ఎరబుట్టలు కట్టవలెను. రాలిన పండ్లను తోటలో ఉంచక, ఏరి, లోతుగా పాతిపెట్టవలెను. సిఫారసు చేసిన మందునే, సిఫారసు చేసిన మోతాదులోనే చల్లి, డబ్బాపై వ్రాసిన విరామ దినములు గడచిన తరువాతనే కాయ కోయవలెను. కార్బైడుతో మాగబెట్టుట చట్టమున నిషేధము. ఇథిలీన్ గదులలో మాగబెట్టవచ్చును. మిరపను నేలపై గాక టార్పాలిన్లపై ఆరబోసి, తేమ వందకు 11 పాళ్ళు మించకుండ చూచి సంచులకెత్తవలెను. తేమ నిలిచిన కాయకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. ఒక సంచిలోని బూజు ఓడలోని సరుకునంతయు వెనుకకు త్రిప్పగలదు.

గ్రామాధికారులు చేయదగిన పని

బ్యాంకాక్‌లో కూర్చొను అధికారి చేతిలోని అంకె మన గ్రామములోనే పుట్టును. విస్తరణాధికారి పొలమునకు పోయి చేయు పంట నమోదు, వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు ఎంచుకొనిన రైతుల వద్ద వ్రాసికొను సాగు ఖర్చుల లెక్క, పాల సంఘపు పుస్తకము, ఇవియే క్రమముగా పైకి చేరి, “ఈ సరుకును జాబితాలో చేర్చిన ఇందరికి నష్టము” అని చెప్పుటకు ఆధారమగును. ఎకరములు కంచె దగ్గర నిలిచి అంచనా వేసి వ్రాసినచో, కౌలు రైతు పంట భూస్వామి పేర పడినచో, ఆ ఆధారము వట్టిదగును. సాగు ఖర్చు అడుగ వచ్చిన వారికి ఇంటివారి కూలిని విడిచి చెప్పుట కూడ మనలో అలవాటు. ఇంటి కూలి కూడ ఖర్చే. దానిని తప్పక చెప్పవలెను.

ఆసియాన్ సరుకుల ఒప్పందమును సమీక్షించుటకు 2023లో ఇరు పక్షములవారు పని ప్రణాళికకు అంగీకరించిరి. ఇట్టి సమీక్షల కాలమున వాణిజ్య మంత్రిత్వశాఖ రైతు సంఘముల, సహకార సంఘముల, వర్తక సంఘముల అభిప్రాయములు కోరుట వాడుక. రాష్ట్రములోని 2,601 రైతు వేదికలలో ఏ ఒక్కదానిలోనైనను ఆయిల్ పామ్, మిరప, పాడి రైతులు కూర్చొని మూడేండ్ల ధరలు, ఖర్చులు నెలవారీగా ఒక కాగితముపై వ్రాసికొనవచ్చును. పాల సంఘములవారు పొంగు కాలపు ధరను, ఎద్దడి కాలపు ధరను వేరువేరు వరుసలలో చూపవలెను. ఆ కాగితము నకలును మండల వ్యవసాయాధికారికి, మరొక నకలును పార్లమెంటు సభ్యునికి పంపినచో చాలును. కవరుపై తపాలా బిళ్ళ తప్ప మరే ఖర్చు లేదు.